హ్యూమన్ సర్వీసెస్‌లో బ్యాచిలర్స్: నాలుగేళ్లూ అసలు ఏం చదివిస్తారు?

వెన్నెలవాకిలి
నమస్తే అందరికీ. మా అమ్మాయి వచ్చే ఏడాది హైస్కూల్ పూర్తి చేస్తుంది. ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగింది. కంప్యూటర్స్ వద్దు, నర్సింగ్ వద్దు, హ్యూమన్ సర్వీసెస్ (కష్టంలో ఉన్నవాళ్లకి సాయం అందించే పనుల చదువు) మేజర్ చేస్తానంటోంది. కాలేజీ కేటలాగ్ తిరగేశాను. "హెల్పింగ్ స్కిల్స్", "సిస్టమ్స్ అండ్ పాలసీ" అని పేర్లయితే ఉన్నాయి కానీ, ఆ క్లాసులో కూర్చుంటే ఏం చెప్తారో నాకు అర్థం కాలేదు. మా ఆయనేమో "సాయం చేయడానికి డిగ్రీ ఎందుకు, మనసుంటే చాలదా" అంటారు. ఈ చదువు చదివినవాళ్లు, ఆ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్తారా? సోషల్ వర్క్ డిగ్రీకీ దీనికీ తేడా ఏంటో కూడా.

కేస్‌ఫైల్
నేను ఇదే డిగ్రీ చేసి కేస్ మేనేజర్‌గా పనిచేస్తున్నానండీ. ముందు చట్రం చెప్తాను. మిగతా బ్యాచిలర్స్ లాగే ఇదీ మామూలుగా 120 క్రెడిట్లు. అందులో ఇంగ్లిష్, మ్యాథ్, సైన్స్ లాంటి జనరల్ ఎడ్యుకేషన్ అందరికీ ఉండేదే. మొదటి రెండేళ్లలో సైకాలజీ, సోషియాలజీ పరిచయ కోర్సులు, మనిషి పుట్టుక నుంచి ముసలితనం దాకా ఎదుగుదల గురించి ఒకటి, చాలా చోట్ల స్టాటిస్టిక్స్ కూడా.

అసలు మేజర్ ఎక్కువ చోట్ల మూడో ఏడు నుంచి చిక్కబడుతుంది. ఇంటర్వ్యూ చేసే నైపుణ్యాలు, కేస్ మేనేజ్‌మెంట్, గ్రూపులు నడపడం, సంక్షేమ చట్టాలు, ఎథిక్స్, రీసెర్చ్ మెథడ్స్, ప్రోగ్రామ్ ప్లానింగ్, ఆపైన ఫీల్డ్‌వర్క్, అంటే బయట సంస్థల్లో పనిచేస్తూ నేర్చుకోవడం. కాలేజీని బట్టి వృద్ధులు, పిల్లల సంక్షేమం, మాదకద్రవ్యాల వ్యసనం లాంటి వాటిల్లో ఒకదాని మీద ఎక్కువ కోర్సులు ఎంచుకోవచ్చు.

మీవారి ప్రశ్నకి నా జవాబు: మనసున్న మనిషి ఇలాంటి సేవలందించే ఏజెన్సీలో చేరిన మొదటి వారం బాగానే ఉంటాడు. రెండో వారం ఒకామె వచ్చి "ఇల్లు ఖాళీ చేయమని కోర్టు కాగితం వచ్చింది, శుక్రవారం ఆఖరు" అంటుంది. అప్పుడు ఆమెకి ఏ పథకం వర్తిస్తుంది, ఏ కాగితాలు కావాలి, ముందు ఎవరికి ఫోన్ చేయాలి అన్నది మనసు చెప్పదు.

సూటిప్రశ్న
ఏమనుకోకండి గానీ, జాబితా చూస్తే కొంచెం సైకాలజీ, కొంచెం సోషియాలజీ, కొంచెం లా, ఏదీ పూర్తిగా కాదు. నాలుగేళ్లు ఫీజు కట్టి అన్నీ పైపైన చదవడం ఎందుకు? సైకాలజీ చేసినా ఇవే ఉద్యోగాలు వస్తాయి కదా.

తరగతిగది
నేను ఈ ప్రోగ్రామ్‌లో పాఠాలు చెప్తాను. సూటిప్రశ్న గారూ, అనుమానం సబబే. ఈ ఉద్యోగాల్లో కొన్నింటికి సైకాలజీ, సోషియాలజీ వాళ్లనీ తీసుకుంటారు. కానీ "పైపైన" అన్న మాట ఒప్పుకోను. సైకాలజీ బ్యాచిలర్స్‌లో డిప్రెషన్ అంటే ఏంటో, దాని మీద పరిశోధనలు ఏం చెప్తున్నాయో లోతుగా చదువుతారు. డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఎదురుగా కూర్చుంటే మొదటి వాక్యం ఏం మాట్లాడాలో చాలా చోట్ల నేర్పరు. మా దగ్గర ఆ ఒక్కదానికే ఒక సెమిస్టర్ మొత్తం పోతుంది.

ఇంటర్వ్యూయింగ్ కోర్సు ఎలా ఉంటుందో చెప్తాను, మిగతావి దాన్నుంచి ఊహించుకోవచ్చు. విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చుంటారు. ఒకరు సాయం కోసం వచ్చిన క్లయింట్, ఇంకొకరు సాయం చేసే వర్కర్. వీడియో తీస్తాం. తర్వాత ఆ సంభాషణ మొత్తాన్ని కాగితం మీద దించి, వర్కర్ అన్న ప్రతి వాక్యం పక్కనా అది ఏ రకం వాక్యమో రాయాలి. తెరిచి అడిగిన ప్రశ్నా, అవును-కాదుతో ముగిసే ప్రశ్నా, విన్నదాన్ని తిరిగి చెప్పడమా, సలహానా, ఉపన్యాసమా?

మొదటి రికార్డింగ్‌లో ప్రతి ఏడాదీ వచ్చే వాక్యం ఒకటుంది: "మీరు తాగడం మానేస్తే ఇంట్లో గొడవలు తగ్గుతాయి కదా?" చూడ్డానికి ప్రశ్నే, నిజానికి తీర్పు. ఎదుటి మనిషి "అవునండీ" అని తల ఊపి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు. దాన్ని "తాగిన రోజుకీ తాగని రోజుకీ ఇంట్లో ఏం తేడా కనిపిస్తుంది మీకు?" అని మార్చడం నేర్పుతాం. ఇప్పుడు మానాల్సిన కారణం ఆయన నోటి నుంచే వస్తుంది. దీన్ని మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1983లో మద్యం వ్యసనం చికిత్స అనుభవంలోంచి రాశారు, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంచారు. దానికి వెనక సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ ఆలోచనలున్నాయి. ఎదుటివాడిని షరతులు లేకుండా గౌరవించడం, అతని కోణంలోంచి చూడటం, మనం నటించకపోవడం, ఈ మూడూ లేకపోతే మార్పు రాదని 1957లోనే వాదించారాయన.

ఇక మౌనం. క్లయింట్ ఆగినప్పుడు నాలుగైదు సెకన్లు నోరు మూసుకుని ఉండటం కొత్త విద్యార్థికి ఎంత కష్టమో చూస్తే గానీ నమ్మరు. దానికీ మార్కులుంటాయి!

రెండోఏడు
మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. వీడియోలో నా మొహం చూసుకుంటూ నా మాటలు టైప్ చేయడం అంత టెన్షన్ ఇంకెక్కడా పడలేదు. మా క్లాసులో సగం మంది "మీకెలా ఉందో నాకు అర్థమైంది" అంటూనే ఉంటారు. ప్రొఫెసర్ ప్రతిసారీ "ఏం అర్థమైందో చెప్పు మరి" అని ఆపుతారు.

వెన్నెలవాకిలి
తరగతిగది గారూ, ఇది చదివాక మా ఇంట్లో మేం మాట్లాడుకునే తీరు మీద కూడా అనుమానం వస్తోంది 😄 మా అమ్మాయికి చూపించాను, "ఇదే నేను చెప్పింది" అంది. మరి కేస్ మేనేజ్‌మెంట్ అంటే? అది కంపెనీల్లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ లాంటిదా?

కేస్‌ఫైల్
కొంచెం అలాంటిదే, కాకపోతే ఇక్కడ ప్రాజెక్ట్ ఒక మనిషి, ఆయనకి మీ ప్లాన్ నచ్చకపోవచ్చు. మనిషి మొదటిసారి వచ్చినప్పుడు వివరాలు తీసుకునే ఇన్‌టేక్, తర్వాత ఏం అవసరమో తేల్చే అసెస్‌మెంట్, ఇద్దరూ కలిసి ప్లాన్ రాయడం, తగిన చోటికి పంపడం, పంపాక పని జరిగిందా లేదా వెంటపడి చూసుకోవడం, చివరికి కేసు మూయడం. క్లాసులో ఒక కల్పిత కుటుంబం ఫైల్ ఇచ్చి సెమిస్టర్ పొడవునా దాన్ని నడిపిస్తారు. మూడు తరాల కుటుంబాన్ని గుర్తులతో గీసే జెనోగ్రామ్, ఆ కుటుంబానికి బడి, ఆసుపత్రి, గుడి, బంధువులు, కోర్టుతో ఉన్న సంబంధాల్ని గీతలతో చూపించే ఎకోమ్యాప్, రెండూ గీయిస్తారు. ఎకోమ్యాప్ గీస్తే సగం సంగతి బయటపడుతుంది. ఏ గీతా బయటికి పోని ఇల్లు కనిపిస్తే అక్కడ ఆగి అడగాలి.

అన్నిటికంటే నాకు ఉద్యోగంలో పనికొచ్చింది నోట్స్ రాయడం. "క్లయింట్ మొండిగా ప్రవర్తించాడు" అని రాస్తే మా ప్రొఫెసర్ ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. "ఉద్యోగ శిక్షణ గురించి అడిగితే చేతులు కట్టుకుని కిటికీ వైపు చూశాడు, 'అది నాకు పనికిరాదు' అన్నాడు" అని రాయాలి. చూసింది వేరు, మన అంచనా వేరు, తర్వాత చేయబోయేది వేరు, మూడూ విడివిడిగా. ఆ నోట్ రేపు జడ్జి చదవొచ్చు, క్లయింటే తన ఫైల్ అడిగి చదువుకోవచ్చు. మనసు పెట్టి పనిచేసేవాళ్లు తడబడేది కూడా ఇక్కడే. రోజంతా జనంతో మాట్లాడి సాయంత్రానికి నోట్స్ వదిలేస్తారు. నోట్ లేకపోతే పని జరగనట్టే లెక్క, చాలా చోట్ల బిల్లింగ్ కూడా దాని మీదే ఆధారం.

సూటిప్రశ్న
ఇది నచ్చింది, ఒప్పుకుంటున్నా. కానీ సంక్షేమ చట్టాలు కూడా చదివిస్తారన్నారు, వాటి చరిత్ర ఎందుకు? ఎప్పుడో 1935లో ఏ చట్టం వచ్చిందో తెలిస్తే క్లయింటుకి ఒరిగేదేంటి?

ఎంఎస్‌డబ్ల్యూ_అక్క
దీనికి నేను చెప్తాను, పాలసీ అంటే నాకు పిచ్చి.

అక్కాచెల్లెళ్లు ఇద్దరున్నారనుకోండి. ఒకే ఆదాయం, ఇద్దరికీ చిన్నపిల్లలు, ఉండేది రెండు వేర్వేరు రాష్ట్రాల్లో. ఒకరికి వచ్చే నగదు సాయం ఇంకొకరికి వచ్చేదానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. ఎందుకు? పేద కుటుంబాలకి ఫెడరల్ నగదు సాయం 1935 సోషల్ సెక్యూరిటీ చట్టంతో మొదలైంది. 1996లో క్లింటన్ హయాంలో పాత పథకాన్ని తీసేసి టానిఫ్ అనే కొత్త నగదు సాయం పథకం పెట్టారు. ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకి గంపగుత్తగా డబ్బిస్తుంది, ఎవరికి ఎంత అన్నది చాలావరకు రాష్ట్రాల ఇష్టం. ఆ గంపగుత్త మొత్తం ఏడాదికి సుమారు 1,650 కోట్ల డాలర్లు, ధరలు పెరిగినా అది పెరగలేదు. పైగా పెద్దవాళ్లకి ఆ ఫెడరల్ డబ్బుతో సాయం జీవితకాలంలో మామూలుగా మొత్తం 60 నెలలే. ఇదంతా తెలియని వర్కర్ క్లయింటుకి తప్పుడు ఆశ పెడతాడు, లేదా అడగాల్సినదే అడగడు.

మనవాళ్లకి నేరుగా తగిలేది ఇంకోటి. అదే 1996 చట్టం వల్ల గ్రీన్ కార్డు వచ్చిన పెద్దవాళ్లలో చాలామందికి మొదటి ఐదేళ్లు మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) లాంటి ఫెడరల్ సాయాలు అందవు. తల్లిదండ్రుల్ని తెచ్చుకున్న ఎంతమందికి ఇది ముందే తెలుసు?

ఇంకా 1963 నాటి కమ్యూనిటీ మెంటల్ హెల్త్ చట్టం. పెద్ద పెద్ద మానసిక ఆసుపత్రుల బదులు ఊరూరా సెంటర్లు పెడతామన్నారు. ఆసుపత్రులు ఖాళీ అయ్యాయి, అనుకున్నన్ని సెంటర్లు మాత్రం రాలేదు. ఆ లోటు ఇప్పటికీ షెల్టర్లలో, జైళ్లలో కనిపిస్తుంది. 1965లో వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్, దాంతో పాటే మెడికెయిడ్, వృద్ధుల కోసం ఓల్డర్ అమెరికన్స్ చట్టం, 1990లో వికలాంగుల హక్కుల చట్టం. వెనక్కి వెళ్తే 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ పెట్టిన హల్ హౌస్. పేదల దగ్గరికి తనిఖీకి వెళ్లడం కాదు, వాళ్ల మధ్యే కాపురం పెట్టి వాళ్లతో పాటు మార్పు అడగాలన్న పంథా అది. ఆడమ్స్‌కి 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

తరగతిగది
అక్క గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. పరీక్షలో మేం తేదీలు అడగం. ఒక కుటుంబం వివరాలిచ్చి "ఈ తల్లికి గంటకి రెండు డాలర్లు జీతం పెరిగితే ఏమేం సాయాలు పోతాయి, నెల చివర చేతిలో ఎక్కువ మిగులుతుందా తక్కువా" అని లెక్క వేయమంటాం. చైల్డ్‌కేర్ సబ్సిడీ ఒక్కసారిగా ఆగిపోతే జీతం పెరిగినా నష్టమే. ఈ లెక్క వేశాక "పని చేయడం ఇష్టం లేక" అన్న మాట విద్యార్థుల నోట తగ్గుతుంది.

ఎఫ్‌వన్_తమ్ముడు
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. నేను ఇండియా నుంచి వద్దామనుకుంటున్నా. ఈ డిగ్రీ చేస్తే ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి, మూడేళ్లు వస్తుందా?

ఎంఎస్‌డబ్ల్యూ_అక్క
రాదు తమ్ముడూ. హ్యూమన్ సర్వీసెస్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్) జాబితాలో లేదు, కాబట్టి మామూలు 12 నెలలే. పైగా ఈ రంగంలో చిన్న ఏజెన్సీలు ఎక్కువ, వీసా స్పాన్సర్ చేసే ఓపిక, డబ్బు వాళ్లకి తక్కువ. అప్పు చేసి రావాల్సిన పరిస్థితి అయితే బాగా ఆలోచించుకో.

రెండోఏడు
ఎథిక్స్ గురించి ఎవరూ చెప్పలేదు. నాకైతే ఈ డిగ్రీలో అన్నిటికంటే ఇష్టమైన క్లాసు అదే. "మంచిగా ఉండండి" అని చెప్పే క్లాసు అనుకుని వెళ్లా, తీరా చూస్తే మొత్తం వాదనలే. క్లయింట్ చెప్పింది రహస్యంగా ఉంచాలి, సరే. పిల్లల్ని కొడుతున్నారని అనుమానం వస్తే? రిపోర్ట్ చేయాల్సిందే, రుజువు దొరికేదాకా ఆగకూడదు. ఫలానా మనిషిని చంపుతానంటే? కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లో ఇచ్చిన టారాసాఫ్ తీర్పు చదివించారు. ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టు మీద ఉంటుందని తేల్చిన తీర్పు. రాష్ట్రాన్ని బట్టి నియమం మారుతుందట. వ్యసన చికిత్స రికార్డులకైతే మామూలు మెడికల్ రికార్డుల కంటే కఠినమైన ఫెడరల్ నిబంధన విడిగా ఉంది.

మా ప్రొఫెసర్ అడిగిన ఒక ప్రశ్న మాత్రం నాకు సూటిగా తగిలింది. ఇంగ్లిష్ రాని తల్లి, పక్కన పదేళ్ల కూతురు. కూతురితో అనువాదం చేయించుకుంటూ ఇన్‌టేక్ పూర్తి చేయొచ్చా? మా క్లాసులో అందరూ "చేయొచ్చు, టైమ్ ఆదా" అన్నారు. నేను కూడా చిన్నప్పుడు మా అమ్మమ్మకి డాక్టర్ దగ్గర అనువాదం చేసినదాన్నే. అమ్మమ్మ డాక్టర్‌తో చెప్పుకోవాల్సినవి ఎన్ని నా ముందు మింగేసిందో అని అప్పుడు అనిపించింది.

కేస్‌ఫైల్
అది కేవలం మర్యాద సంగతి కూడా కాదు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్‌లు అత్యవసరం అయితే తప్ప మైనర్ పిల్లల్ని అనువాదకులుగా వాడకూడదు. అసలు భాష రానివాళ్లకి అర్థమయ్యేలా సేవ అందించాలన్న బాధ్యతకి 1964 పౌర హక్కుల చట్టమే మూలం. ఇంకోటి, మనలాంటి చిన్న సమాజంలో క్లయింటుగా వచ్చినాయన మన పిల్లల డ్యాన్స్ టీచర్ భర్త కావొచ్చు. దాన్ని డ్యుయల్ రిలేషన్‌షిప్ అంటారు. సూపర్‌వైజర్‌కి చెప్పి వేరేవాళ్లకి కేసు ఇప్పించడం పద్ధతి. తెలుగు తెలిసిన వర్కర్ నేనొక్కడినే ఉంటే? దీని మీద క్లాసులో రెండు గంటలు కొట్టుకున్నాం, తేలలేదు.

సూటిప్రశ్న
స్టాటిస్టిక్స్, రీసెర్చ్ కూడా అన్నారు. దానికి ఇక్కడేం పని?

తరగతిగది
ఏజెన్సీ బతికేది గ్రాంట్ల మీద. గ్రాంట్ ఇచ్చేవాడు "మీ వల్ల ఏం మారింది" అని అడుగుతాడు. పేరెంటింగ్ క్లాసుకి 40 మంది వచ్చారు అని రాస్తే అది అవుట్‌పుట్ మాత్రమే. ఆరు నెలల తర్వాత ఆ ఇళ్లలో పిల్లల్ని కొట్టడం తగ్గిందా అన్నది అవుట్‌కమ్. ఈ రెండూ కలిపేయకుండా ఏ పని వల్ల ఏ మార్పు రావాలో చూపించే లాజిక్ మోడల్ గీయడం, ముందూ తర్వాతా కొలవడం నేర్పుతాం. మనుషుల మీద పరిశోధనకి అనుమతి ఎందుకు తీసుకోవాలో కూడా చెప్తాం. 1932 నుంచి 1972 దాకా టస్కెగీలో నల్లజాతి పురుషులకి సిఫిలిస్ చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ కూర్చున్న ఉదంతం, తర్వాత అలాంటి పరిశోధనకి నైతిక సూత్రాలు చెప్పిన 1979 బెల్మాంట్ నివేదిక. ఈ పాఠం రోజు క్లాసులో ఎవరూ ఫోన్ ముట్టుకోరు.

రెండోఏడు
ఫీల్డ్‌వర్క్ గురించి సీనియర్లు భయపెడుతున్నారు. జీతం ఉండదట, నిజమేనా?

కేస్‌ఫైల్
ఎక్కువ చోట్ల ఉండదు. హ్యూమన్ సర్వీస్ విద్యకి ప్రమాణాలు పెట్టే కౌన్సిల్ ఒకటుంది, 1979లో ఏర్పడింది. దాని గుర్తింపు ఉన్న బ్యాచిలర్స్‌లో కనీసం 350 గంటల ఫీల్డ్‌వర్క్ చేయాలి. చాలా కాలేజీలు అంతకంటే ఎక్కువే పెడతాయి. మొదలుపెట్టే ముందు బ్యాక్‌గ్రౌండ్ చెక్, వేలిముద్రలు, కొన్ని చోట్ల టీబీ పరీక్ష. ఇవి ఆలస్యమై సెమిస్టర్ పోగొట్టుకున్నవాళ్లున్నారు, తొందరగా పెట్టుకోండి.

నా మొదటి ప్లేస్‌మెంట్ ఒక ఏజెన్సీలో. అక్కడ జిరాక్సులు తీయించారు, కుర్చీలు సర్దించారు, క్లయింట్ దగ్గర కూర్చోనివ్వలేదు. చివరికి కాలేజీ కోఆర్డినేటర్‌కి లెర్నింగ్ కాంట్రాక్ట్ చూపించాను. వారానికి ఎన్ని ఇన్‌టేక్‌లు చూడాలి, ఎవరు సూపర్‌వైజ్ చేయాలి అని అందులో రాసి ఉంటుంది. వాళ్లు మాట్లాడాక మారింది. ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు ప్రతి పంక్తీ చదువు.

ఎంఎస్‌డబ్ల్యూ_అక్క
వెన్నెల గారూ, మీ అసలు ప్రశ్న మిగిలిపోయింది. చదివే విషయాల్లో సోషల్ వర్క్ బ్యాచిలర్స్‌కీ దీనికీ పోలికే ఎక్కువ. తేడా అంతా లైసెన్స్ దగ్గర వస్తుంది, అదేమీ చిన్న తేడా కాదు.

సోషల్ వర్క్ డిగ్రీలకి గుర్తింపు ఇచ్చే కౌన్సిల్ వేరు. ఆ గుర్తింపు ఉన్న సోషల్ వర్క్ బ్యాచిలర్స్, అంటే బీఎస్‌డబ్ల్యూలో కనీసం 400 గంటల ఫీల్డ్. "సోషల్ వర్కర్" అన్న హోదాని చాలా రాష్ట్రాల్లో చట్టం కాపాడుతుంది. హ్యూమన్ సర్వీసెస్ చేసినవాళ్లు ఆ పేరు పెట్టుకోలేరు. రేపు మీ అమ్మాయి థెరపీ చేస్తానంటే మాస్టర్స్ కావాలి. బీఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లకి చాలా యూనివర్సిటీలు అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ ఇస్తాయి, అంటే ముందే చదివినవి లెక్కలోకి తీసుకుంటాయి, దాంతో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ మాస్టర్స్) ఏడాదికి కాస్త అటూ ఇటూగా అయిపోతుంది. హ్యూమన్ సర్వీసెస్ నుంచి వస్తే 900 గంటల ఫీల్డ్‌తో మామూలుగా పూర్తి రెండేళ్లు. పిల్లల సంక్షేమ శాఖల్లో పనిచేసేవాళ్ల కోసం ఉన్న ఫెడరల్ స్టైపెండ్ కూడా ఎక్కువ చోట్ల సోషల్ వర్క్ విద్యార్థులకే ఇస్తారు.

కాబట్టి "కౌన్సిలింగ్ చేస్తాను, సొంతంగా ప్రాక్టీస్ పెడతాను" అనే ఉద్దేశం తనకి ఇప్పటికే స్పష్టంగా ఉంటే బీఎస్‌డబ్ల్యూ దారే నయం, ఇందులో మొహమాటం ఏమీ లేదు. షెల్టర్ నడపడం, వృద్ధుల సేవలు, పునరావాసం, నాన్‌ప్రాఫిట్ ప్రోగ్రామ్‌ల నిర్వహణ లాంటివైతే ఈ డిగ్రీ చక్కగా సరిపోతుంది. ప్రోగ్రామ్‌లు నడిపే కోర్సులు ఇందులోనే ఎక్కువ చూశాను. ఈ రంగంవాళ్లకి హెచ్‌ఎస్-బీసీపీ అని జాతీయ సర్టిఫికేషన్ ఉంది, కానీ అది లైసెన్స్ కాదు. జీతాలు రెండింటిలోనూ మొదట్లో తక్కువే.

సూటిప్రశ్న
జీతం తక్కువ, రోజంతా ఇతరుల బాధలు. మరి వీళ్లు నిలబడేదెలా?

కేస్‌ఫైల్
చాలామంది నిలబడరు, అదీ సిలబస్‌లో ఉంది. బర్నవుట్, అంటే పనిభారంతో పూర్తిగా అలసి కుంగిపోవడం గురించి సైకాలజిస్టు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ 1974లో రాసింది ఉచిత క్లినిక్‌లలో పనిచేసే వాలంటీర్లని చూసే. తర్వాత క్రిస్టినా మాస్లాక్ దాన్ని కొలిచే పద్ధతి తయారుచేశారు. అలసట, క్లయింట్లని మనుషుల్లా చూడటం మానేయడం, నా వల్ల ఏమీ కాదన్న భావన, ఈ మూడింటిని కొలుస్తారు. రెండోది మొదలైనప్పుడు మనకి తెలీదు, పక్కవాళ్లకి తెలుస్తుంది. నా అభిప్రాయంలో కాలేజీలు దీన్ని "యోగా చేయండి, నిద్రపోండి" దగ్గర ఆపేస్తాయి. ఒక్కో వర్కర్‌కి ఎన్ని కేసులిస్తున్నారు, సూపర్‌విజన్ వారం వారం ఉందా అన్నదే అసలు సంగతి. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఈ రెండూ మనమే అడగాలి.

వెన్నెలవాకిలి
ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ చాలా థాంక్స్. కేస్‌ఫైల్ గారు రాసిన మొదటి పోస్ట్ మా ఆయనకి చదివి వినిపించాను. "శుక్రవారం ఆఖరు అన్నారే, ఆమె సంగతి ఏమైంది?" అని అడిగారు 😄 ఇంకో చిన్న అనుమానం. ఖర్చు తగ్గుతుందని మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చేసి తర్వాత మారదామనుకుంటున్నాం. పర్వాలేదా?

తరగతిగది
పర్వాలేదు, ఒక జాగ్రత్త తీసుకోండి. కమ్యూనిటీ కాలేజీలో ఇదే పేరుతో రెండు రకాల అసోసియేట్ (రెండేళ్ల) డిగ్రీలు ఉండొచ్చు. పేరులో "అప్లయిడ్ సైన్స్" ఉన్నది నేరుగా ఉద్యోగానికి వెళ్లేవాళ్ల కోసం, అందులోని క్రెడిట్లన్నీ నాలుగేళ్ల కాలేజీకి చెల్లకపోవచ్చు. చేరకముందే మీరు వెళ్లదలచుకున్న యూనివర్సిటీతో ట్రాన్స్‌ఫర్ ఒప్పందం రాతపూర్వకంగా ఉందా, ఏ కోర్సుకి ఏ కోర్సు సమానం అని జాబితా ఉందా అడగండి. అక్కడ చేసిన ఫీల్డ్‌వర్క్ గంటల్ని ఇక్కడ లెక్కలోకి తీసుకుంటారా అన్నది విడిగా అడగాలి, చాలామంది అది మర్చిపోతారు.

కేస్‌ఫైల్
వెన్నెల గారూ, ఆమె ఉదాహరణకి చెప్పిన మనిషే గానీ, మీవారు అడిగారు కాబట్టి: ముందు ఉచిత న్యాయ సాయం చేసే లీగల్ ఎయిడ్‌కి ఫోన్ చేయాలి, అద్దె సాయం దరఖాస్తు ఆ తర్వాత. కోర్టు తేదీకి వెళ్లకపోతే మామూలుగా ఇంటివాడికి అనుకూలంగా తీర్పు వచ్చేస్తుంది, సాయం మంజూరైనా అప్పటికి ఆలస్యమే. మా కేస్ మేనేజ్‌మెంట్ ఫైనల్‌లో ఇలాంటి ప్రశ్నే వచ్చింది. ముందు అద్దె సాయం అని రాసినవాళ్లందరికీ సగం మార్కులు.